ముందు అదురు, వెనుక అదురు

సంక్రాంతికి మా మేనల్లుడు హ్యూస్టన్ నుంచి రాజమహేంద్రవరం వచ్చాడు. భోగినాటి సాయంకాలం వీధరుగుమీద కూర్చుని, అరిసెల పళ్లెం పక్కన తన సెల్‌ఫోను పెట్టి, "మావయ్యా, నా పిస్తోలు చూశావా? కొత్తగా కంపెన్సేటరు బిగించాను" అన్నాడు.

ఆ మాట వంటింట్లో ఉన్న మా అక్కయ్య చెవిన సగమే పడ్డది. "కంపెన్సేషనా? ఎవరికి దెబ్బ తగిలిందిరా? నిజం చెప్పు!" అంటూ చేతిలో చట్రంతోనే బయటికి వచ్చింది. ఎవరికీ దెబ్బ తగలలేదనీ, ఇది నష్టపరిహారం కాదనీ, తుపాకి మూతికి తొడిగే ఇనప ముక్క అనీ నచ్చజెప్పేసరికి మూకుట్లో అరిసె కాస్తా మాడిపోయింది. నిజం ఆలోచిస్తే ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఒకచోట జరిగిన నష్టాన్ని మరొకచోట పూరించేదే కంపెన్సేటరు. పుచ్చుకునేదీ తుపాకే, ఇచ్చుకునేదీ తుపాకే. అదే ఇందులో తమాషా.

మావాడు అక్కడ వారమంతా కంప్యూటరు ముందు కూర్చుంటాడు. ఆదివారం వస్తే పిస్తోలు పోటీలకు పోతాడు. వాళ్లమ్మకు ఈ వ్యవహారం బొత్తిగా గిట్టదు. నాకు మాత్రం తుపాకులతో ఏనాటిదో కొద్దిపాటి పరిచయం ఉన్నది. ఆ కథలో నా పరువు కొంత పోయింది గనుక దాన్ని కాస్త వెనక్కి నెట్టి, ముందు ఈ ఇనప ముక్క సంగతి మనవి చేస్తాను.

తుపాకి తన్నుతుందని అంటారు. ఎందుకు తన్నుతుంది? గోదావరి రేవులో పడవ దిగబోయేవాడు గట్టుమీదికి ఒక్క దూకు దూకితే పడవ వెనక్కి పోతుంది. గుండు ముందుకు దూకితే తుపాకి వెనక్కి పోవడమూ అంతే. అయితే పిస్తోలు తిన్నగా వెనక్కి పోయి ఊరుకోదు. మూతి పైకి ఎత్తుకుంటుంది. గొట్టం పైన ఉన్నది, దాన్ని పట్టుకున్న చెయ్యి కింద ఉన్నది. మనిషిని నడుము దగ్గర తోస్తే ఒక అడుగు వెనక్కి వేస్తాడు, నుదుటిమీద తోస్తే వెల్లకిలా పడతాడు. పిస్తోలు పొందే తోపు ఈ రెండో రకానిది.

గుండు వెనకాలే గొట్టంలోనుంచి వెలువడేది మందు కాలిన పొగ. పొగ అంటే పొయ్యి పొగ కాదు. మహా ఒత్తిడితో తన్నుకొచ్చే వేడి గాలి. మామూలుగా అది గుండు వెంట ముందుకు పోయి వృథా అవుతుంది, పోతూ పోతూ పిస్తోలును ఇంకొంచెం వెనక్కి నెట్టి మరీ పోతుంది. కంపెన్సేటరు చేసే పనల్లా ఆ గాలికి దారి మళ్లించడమే. గొట్టం చివర ఒక చిన్న దిమ్మ, అందులో రెండు మూడు గదులు, గదులకు పైకప్పున కిటికీలు. గుండు తిన్నగా పోతుంది. దాని వెనక వచ్చిన గాలి గది గోడలకు కొట్టుకుని పై కిటికీల గుండా ఆకాశంలోకి ఎగజిమ్ముతుంది. దీపావళినాడు తారాజువ్వను చూడలేదూ? నిప్పు కిందికి చిమ్మితే జువ్వ పైకి లేస్తుంది. ఇక్కడ గాలి పైకి చిమ్ముతుంది గనుక మూతి కిందికి అణుగుతుంది. గాలి కొట్టుకున్న గోడలు ముందుకు తోయబడతాయి గనుక వెనక్కి వచ్చే తన్ను కూడా కొంత తగ్గుతుంది.

ఈ ఉపాయం నిన్న మొన్నటిది కాదు. 1920లలో అమెరికా నౌకాదళ పదాతి సైన్యమైన మెరీన్ కోర్‌లో అధికారి రిచర్డ్ కట్స్ అనే ఆయన ఇటువంటి సాధనాన్ని రూపొందించాడు. 1928 నాటి థామ్సన్ తుపాకి మూతికి కనిపించే చీలికల గొట్టం అదే. వరసగా గుళ్లు కురిపించే ఆ తుపాకి ఊరుకుంటే ఆకాశం కేసి ఎక్కిపోయేది, ఆ చీలికలు దాన్ని కొంత అణచేవి. పోటీ పిస్తోళ్లకు ఇది విరివిగా ఎక్కింది మాత్రం చాలా తరువాత. 1976లో అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని కొలంబియా నగరంలో అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య ఏర్పడ్డది. నిలబడి ఒకే చక్రాన్ని గురిచూసి కొట్టడం కాకుండా, పరిగెత్తుతూ, మలుపులు తిరుగుతూ, అట్టబొమ్మలను వేగంగా కొట్టే పోటీలవి. మావాడు ఆడేది ఆ బాపతే.

ఆ ఆటలో ఒక చిత్రమైన నియమం ఉన్నది. తన్ను తక్కువగా ఉండాలంటే మందు తగ్గించుకుంటే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. అది జరగకుండా గుండు బరువును గ్రెయిన్లలోనూ వేగాన్ని సెకనుకు అడుగుల్లోనూ తీసుకుని, రెంటినీ హెచ్చవేసి, వెయ్యితో భాగిస్తారు. మావాడు ఆడే ఓపెన్ తరగతిలో అమెరికా సంఘంవారి లెక్కకు 165 వస్తే అది 'మేజర్'. 125 గ్రెయిన్ల గుండు, అంటే సుమారు 8 గ్రాములది, 1,330 అడుగుల వేగంతో పోతే 166 పైచిలుకు వస్తుంది. 165కు తగ్గి, 125కు తగ్గకపోతే 'మైనర్'. అట్టబొమ్మ నడిగడిలో తగిలితే ఇద్దరికీ 5 మార్కులే. దాని చుట్టూ ఉన్న గడిలో తగిలితే మేజరుకు 4, మైనరుకు 3. వచ్చిన మార్కులను పట్టిన సెకన్లతో భాగించి విజేతను తేలుస్తారు.

ఇక్కడే కంపెన్సేటరు గొప్పతనం బయటపడుతుంది. మందు ఎక్కువ వేసినకొద్దీ తన్ను ఎక్కువే; కాని గాలీ ఎక్కువే. గాలి ఎక్కువైనకొద్దీ మూతిని అణిచే బలమూ ఎక్కువే. అందుకే అక్కడివాళ్లు తేలిక గుండు, ఎక్కువ మందు ఎంచుకుంటారు. పాము విషంతోనే పాముకాటుకు మందు తయారుచేసినట్టు, తన్నే బలంతోనే తన్నుకు విరుగుడు. .22 వంటి చిన్న తూటాలో మందే కొంచెం గనుక ఈ దిమ్మ పెట్టినా అది చేసే సాయం చాలావరకు మూతి దగ్గర బరువుగా ఉండటమే.

"మరి శబ్దం తగ్గుతుందిట్రా?" అన్నాను.

"పెరుగుతుంది మావయ్యా! అది సైలెన్సరు. ఇది పక్కవాడి చెవులు గింగురుమనిపిస్తుంది" అన్నాడు. నిజమే. గాలి ముందుకు పోవలసింది పైకీ పక్కలకూ మళ్లితే శబ్దం కూడా దానితోనే మళ్లుతుంది. చెవులకు కప్పులు, కళ్లకు అద్దాలు లేనిదే అక్కడ ఎవరినీ గీత దాటనివ్వరు.

బిగించడం అనే మాట తేలికగా అన్నాడు గాని, ఆ పని తేలిక కాదని వాడే ఒప్పుకున్నాడు. గొట్టం స్లైడు దాటి కొంచెం ముందుకు పొడుచుకు వచ్చి ఉండాలి. ఆ పొడుగుమీద లేతు మిషనుతో మరచుట్లు కొయ్యాలి. ఆ చుట్లకు కేంద్రం గొట్టం పైభాగాన్ని చూసి కుదిరితే చాలదు, లోపలి రంధ్రంతో కుదరాలి. పైనా లోపలా ఒకే ఇరుసుమీద ఉన్నాయని నమ్మడానికి లేదు. చుట్ల మొదట దిమ్మ ఆనుకునే భుజం నిలువునా తీరుగా ఉండాలి, లేకపోతే దిమ్మ ఒక పక్కకు వాలుతుంది. గట్టిగా బిగిసేసరికి కిటికీలు సరిగ్గా ఆకాశం కేసి తిరిగి ఉండాలి. ఓరగా నిలిస్తే పిస్తోలు ప్రతిసారీ పక్కకు లాగుతుంది. అందుకని ఆ భుజాన్ని వెంట్రుకవాసి చొప్పున అరగదీసుకుంటూ, బిగించి చూసుకుంటూ రావాలి. దిమ్మలోని రంధ్రం గుండుకన్న ఏ కొంచెమో పెద్దదిగా ఉండాలి. మరీ ఇరుకైతే గుండు అంచుకు రాసుకుంటుంది, మరీ వదులైతే గాలి గదులలోకి మళ్లకుండా గుండు వెంటే పారిపోతుంది. చివరకు వేడికి కరగని బంక వేసి బిగించాలి.

అంతటితో అయిందా? చాలా పిస్తోళ్లలో గుండు పేలినప్పుడు గొట్టం కూడా స్లైడుతోపాటు కొంత వెనక్కి జరిగి, వంగి, విడుతుంది. దాని మూతికి బరువు కట్టాక ఆ కదలిక మందగిస్తుంది. ఖాళీ తూటా సరిగ్గా బయటపడదు. అప్పుడు స్ప్రింగును మెత్తనిదానికి మార్చి చూసుకోవాలి. ఇంటి అల్లుడు వస్తే అత్తగారి పడక దగ్గరనుంచి అన్నీ సర్దుకోవలసి వచ్చినట్టు, మూతికి ఒక ముక్క తగిలిస్తే లోపల అన్నీ సర్దుకోవాలి. ఇది లైసెన్సు ఉన్న పనివాడు చేయవలసిన పని. మన దేశంలోనైతే 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకిని మార్చడానికీ మరమ్మతు చేయడానికీ విడిగా లైసెన్సు కావాలి.

మావాడు మొదట ఆ బంక విషయంలో తొందరపడ్డాడట. ఆరీ ఆరకముందే పోటీకి పోయాడు. వంద గుళ్లు దాటేసరికి దిమ్మ పావుచుట్టు సడలింది. తరువాతి గుండు అంచును ముద్దుపెట్టుకుని, అట్టబొమ్మను వదిలి వెనకాల మట్టికట్టలో దిగింది. ఆ దిమ్మను ఫోనులో పెద్దది చేసి చూపించాడు. రంధ్రం లోపలి అంచున గోటిగీరంత రాగిరంగు చార. గుండుమీది రాగి తొడుగు అంటుకున్నది. "ఇది చూసి ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు మావయ్యా. పోయినది మట్టిలోకే, కాని పక్కన మనుషులున్నారు" అన్నాడు. వాళ్లమ్మ వినకుండా మెల్లగానే అన్నాడు. తరువాత మిస్త్రీ దగ్గరికి పోయి ఆ గొట్టాన్నీ దిమ్మనూ పక్కన పెట్టించి కొత్తవి వేయించాడు. ఇప్పుడు ప్రతిసారీ మొదలుపెట్టకముందు వేలితో తిప్పి చూస్తాడు.

ఇంత తెలివైన సాధనాన్ని ఒలింపిక్స్‌లో ఎందుకు వాడరు అని అడిగాను. వాడనివ్వరు. 25 మీటర్ల వేగపు పోటీలో అయిదు లక్ష్యాలను వరసగా 8 సెకన్లలో, తరువాత 6, తరువాత 4 సెకన్లలో కొట్టాలి. అక్కడ మూతి ఎగరకపోతే ఎంత లాభమో చెప్పనక్కరలేదు. 1950లలో సోవియట్ వారు ఏకంగా పిస్తోలును తలకిందులు చేసి, గొట్టం పిడికిటికి ఎదురుగా కిందికి వచ్చేటట్టు తయారుచేశారు. తన్ను తిన్నగా చేతిలోకి వస్తే మూతి ఎత్తుకోవలసిన పని లేదు కదా! తరువాత దాన్ని నిషేధించారు. నేటికీ ఆ పోటీలో గొట్టం ఇరుసు బొటనవేలికీ చూపుడువేలికీ నడుమనున్న చర్మంకన్న పైనే ఉండాలని నియమం. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ వరకు అక్కడ .22 షార్ట్ అనే చిట్టి తూటా చెల్లింది, గొట్టానికి రంధ్రాలు పొడిపించుకోవడమూ చెల్లింది. 2005 నుంచి ఆ తూటా మారింది. ఇప్పుడు రంధ్రాలకూ కంపెన్సేటరుకూ కూడా తావులేదు. 2012 లండన్‌లో మన సైనికుడు విజయ్ కుమార్ ఆ పోటీలోనే రజతం గెలిచాడు. ఫైనల్లో ఆయనవి 30, స్వర్ణం గెలిచిన క్యూబా వాడు లూరిస్ పూపోవి 34. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్తోలులో జట్టుకు స్వర్ణం, తనకు రజతం తెచ్చుకున్నది. ఆ పిస్తోళ్ల మూతులకు ఏ కిటికీలూ లేవు. మూతిని అణిచింది చెయ్యే.

ఆ చెయ్యి ఎలాంటిదో చెప్పాలంటే హంగరీ సైనికుడు కారోలీ టకాచ్‌ను తలుచుకోవాలి. 1938లో చేతిబాంబు పేలి ఆయన కుడిచెయ్యి పాడయింది. గురి చూసే చెయ్యి అదే. ఆయన ఎడమచేత్తో మళ్లీ అ ఆల నుంచి నేర్చుకుని, 1948 లండన్‌లోనూ 1952 హెల్సింకీలోనూ ఈ వేగపు పిస్తోలు పోటీలో స్వర్ణాలు గెలిచాడు. చేతిలోనే బాంబు పేలినవాడు మళ్లీ చేతిలో పేలే వస్తువు పట్టుకున్నాడు. ఎడమచేతికి నేర్పింది గురి ఒక్కటే అనుకోను. జడవకుండా ఉండటం కూడా నేర్పి ఉంటాడు.

ఇక నా పరువు సంగతి. 1990లలో, డిగ్రీ చదివే రోజుల్లో, నేను ఎన్.సి.సి.లో ఉన్నాను. శిబిరంలో .22 రైఫిలు ఇచ్చి బోర్లా పడుకోబెట్టారు. అది తన్నేది నామమాత్రం. అయినా నా గుళ్లన్నీ లక్ష్యానికి కిందనే పడుతున్నాయి. తుపాకిలో లోపం ఉన్నదని హవల్దారుతో మనవి చేసుకున్నాను. ఆయన ఏమీ అనకుండా రైఫిలు తీసుకుని, అటు తిరిగి తూటా పెట్టి, నా చేతికిచ్చాడు. గురి చూశాను, ఊపిరి బిగబట్టాను, మీట నొక్కాను. టక్కుమన్నది. పేలలేదు, ఆయన పెట్టింది ఖాళీ తూటా. కాని నా భుజం ఎగిరింది, కళ్లు మూసుకుపోయాయి, మూతి జానెడు కిందికి వంగింది. వరసలో ఉన్నవాళ్లంతా పకపకా నవ్వారు. హవల్దారు మాత్రం నవ్వలేదు.

అప్పుడు అర్థం కానిది ఇప్పుడు లెక్క వేస్తే అర్థమవుతున్నది. పిస్తోలు గొట్టం దాటడానికి గుండుకు సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు. మనిషికి ఒక దెబ్బ తెలిసి, కండ కదలడానికి సెకనులో అయిదో వంతయినా కావాలి. అంటే తుపాకి తన్నినందువల్ల మనం చెదిరామనేది అబద్ధం. అది తన్నేసరికే గుండు వెళ్లిపోయింది. గుండును చెడగొట్టేది తన్నబోతున్నదన్న తలపు. ఉన్నవి రెండు అదురులు. గుండు వెళ్లాక వచ్చేది ఇనుముది, దానికి కంపెన్సేటరున్నది. గుండు వెళ్లకముందు వచ్చేది మనిషిది.

ఇదంతా వాడికెందుకు చెప్పానంటే, ఫోనులో వాడి పోటీ వీడియో చూస్తున్నప్పుడు ఒక సంగతి కనబడ్డది. దిమ్మ పెట్టాక రెండో గుండు ఎంత త్వరగా వేయగలుగుతున్నాడో చూపించాలని వాడి ముచ్చట. నిజంగానే మూతి ఎగిరినట్టే లేదు. కాని మార్కుల పట్టీలో ప్రతి బొమ్మకూ మొదటి గుండే కింది గడిలో ఉన్నది. ఒక బొమ్మ దగ్గర తూటా పేలలేదు. "ఆపు, వెనక్కి తిప్పు, నెమ్మదిగా నడిపించు" అన్నాను. చూశాం. పేలిన తరువాత మూతిని కిందికి ఒత్తుకోవడం ఆరితేరినవాళ్లకూ ఉంటుందిట, అది వేరు. ఇక్కడ టక్కుమనకముందే మూతి వంగింది.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ రాగిచార చూసినప్పటినుంచీ అనుకుంటా మావయ్యా" అన్నాడు. అంత డబ్బు పోసి, అంత నైపుణ్యంతో వెనుక అదురును మాన్పించుకున్న పిల్లవాడికి ముందు అదురు పట్టుకున్నది. మా హవల్దారు వైద్యమే చెప్పాను. స్నేహితుడి చేత పెట్టెలో అక్కడక్కడా ఉత్తుత్తి తూటాలు కలిపించుకో. ఏది పేలుతుందో నీకు తెలియకూడదు. పేలనప్పుడు నీ చెయ్యి ఏంచేసిందో చూసుకో. అంతే. దానికి లేతు మిషను అక్కరలేదు.

ఉగాదినాడు ఫోను చేశాడు. "మొదట్లో ఇరవైకి పదకొండుసార్లు వంగింది మావయ్యా. ఇప్పుడు మూడు" అన్నాడు. పోటీ గెలిచానని చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ సంతోషంలో ఈ వ్యాసం రాసుకుని మా ఆవిడకు వినిపించాను. ఆవిడ చేటలో చింతపండు గింజలు తీస్తూ అంతా విని, "బాగానే ఉన్నది. పిల్లది మార్కుల కాగితం తెచ్చి ఇవ్వగానే, దాన్ని విప్పకముందే మీ కనుబొమలు ముడిపడతాయే, అది ఏ అదురు?" అన్నది.

ఆ కాగితం నిన్న సాయంత్రంనుంచి నా బల్లమీదే ఉన్నది. పిల్లది గుమ్మం అవతల నిలబడి నా చేతివైపు కాదు, నా మొహంవైపు చూస్తున్నది. అద్దం ముందుకు పోయి నుదురు ఒకసారి సవరించుకుని వచ్చి, విప్పుతాను.